చెత్త మెయిళ్లు తుడిచివేస్తే తగ్గవు

సంపాదకులకు నమస్కారం.

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడే రోజుల్లో మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ పాఠకులను హెచ్చరిస్తుంటాయి. రిఫండు మంజూరైందంటూ వచ్చే మెయిళ్లను నమ్మవద్దనీ, వాటిలోని లింకులు నొక్కవద్దనీ, అనుమానం కలిగితే వెంటనే డిలీట్ చేయమనీ రాస్తుంటాయి. మొదటి రెండు మాటలతో ఎవరికీ పేచీ ఉండదు. మూడో మాట గురించే ఈ ఉత్తరం. చిక్కడపల్లిలో చిన్న వ్యాపారులకూ పెన్షనర్లకూ రిటర్నులు దాఖలు చేసిపెట్టే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి, ఇతరుల ఇన్‌బాక్సులను వారి ఎదుటే, వారి అనుమతితో తెరిచి చూడవలసి రావడం నాకు మామూలే. అలా చూడగా చూడగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. డిలీట్ చేయడంతో మన పని అయిపోయిందని జనం అనుకున్నంత కాలం ఈ చెత్త తగ్గే అవకాశం లేదు.

ఆ ఇన్‌బాక్సుల్లో ఏముంటుందో మీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. షాద్‌నగర్ దగ్గరా, సదాశివపేట దగ్గరా, యాదగిరిగుట్ట రోడ్డులోనూ వేసిన వెంచర్ల ప్రకటనలు, ప్రీ-లాంచ్ ధర ఈ ఆదివారంతో ముగుస్తుందని ప్రతి వారమూ చెప్పే మెయిళ్లు, అమీర్‌పేట కోర్సుల కొత్త బ్యాచ్‌ల తేదీలు, బట్టల దుకాణాల ఆషాఢం తగ్గింపులు, రక్తపరీక్షల ప్యాకేజీలు, అడగని క్రెడిట్ కార్డులు, ఎప్పుడో ఒకసారి టికెట్ కొన్న యాప్ పంపే పండుగ శుభాకాంక్షలు. వీటి నడుమ ఎక్కడో ఆదాయపు పన్ను శాఖ పంపిన నోటీసు ఉంటుంది. రిటర్నులో లోపం ఉందని శాఖ తెలియజేస్తే దాన్ని సరిదిద్దుకోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 15 రోజులు. ఆలోగా స్పందించకపోతే అసలు రిటర్నే దాఖలు చేయనట్టుగా పరిగణించే ప్రమాదం ఉంది. ఇటువంటి నోటీసులు ఇప్పుడు ఎక్కువగా మెయిలు ద్వారానే వస్తున్నాయి. పోస్టుమ్యాన్ తలుపు తట్టి సంతకం పెట్టించుకుని వెళ్లే రోజులు చాలావరకు పోయాయి. కనుక చెత్త మెయిలు కంటికి చికాకు కలిగించే విషయంగా మాత్రమే మిగలలేదు. నిజమైన కాగితాన్ని అది కప్పివేస్తున్నది.

కొందరు జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలాన్ని ఈ ప్రకటనలే నింపేస్తున్నాయని ఫిర్యాదు చేస్తుంటారు. అది అంత నిజం కాదు. ప్రకటనల మెయిళ్లలో బొమ్మలు చాలావరకు పంపినవారి సర్వర్లలోనే ఉంటాయి, మనం తెరిచినప్పుడు అక్కడి నుంచి వచ్చి కనబడతాయి. స్థలాన్ని నిజంగా తినేవి ఫోన్ నుంచి తమంతట తామే ఎక్కుతున్న పెళ్లి వీడియోలూ ఫొటోలూ. ఆ 15 జీబీ మెయిలుకూ, డ్రైవ్‌కూ, ఫొటోలకూ కలిపి ఇచ్చినది. స్థలం నిండితే కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది కాబట్టి ఆ వీడియోలను తీసివేయడం అవసరమే. కానీ దానికీ ఈ చెత్తకూ ముడిపెట్టడం వల్ల అసలు సంగతి పక్కకు పోతున్నది.

అసలు సంగతి ఏమిటంటే, మనం చెత్త అని ఒకే పేరుతో పిలిచే మెయిళ్లు మూడు చోట్ల నుంచి వస్తున్నాయి, మూడింటికీ మందు ఒకటి కాదు. మనమే ఎక్కడో ఐడీ ఇచ్చి ఉండగా, ఆ దుకాణమో యాపో పంపేవి కొన్ని. మన ఐడీని ఇంకెవరి దగ్గరో కొనో, సంపాదించో పంపేవి కొన్ని; వెంచర్ల ప్రకటనలూ ఉద్యోగాల కన్సల్టెన్సీలూ ఎక్కువగా ఈ కోవలోనివే. మనల్ని మోసగించడానికే పంపేవి మిగిలినవి. మొదటి రకానికి అన్‌సబ్‌స్క్రైబ్ చేయడం, అంటే ఆ జాబితా నుంచి వైదొలగడం, సరిపోతుంది. రెండో రకాన్ని స్పామ్, అంటే చెత్త, అని మెయిలు సంస్థకు రిపోర్టు చేయాలి. మూడో రకంలో అన్‌సబ్‌స్క్రైబ్ లింకును కూడా ముట్టుకోకుండా రిపోర్టు చేయాలి. డిలీట్ అనే మాట ఈ మూడు మందుల్లోనూ లేదు, గమనించండి.

ఎందుకు లేదో వివరించాలి. మనం ఒక ప్రకటనను చదవకుండా తుడిచివేసినప్పుడు, పంపినవారి దృష్టిలో ఆ మెయిలు క్షేమంగా చేరింది. ఫిర్యాదు రాలేదు, చిరునామా పనిచేస్తున్నది, రేపు మరొకటి పంపవచ్చు. మన విసుగు మన వేలి దగ్గరే ఆగిపోయింది. స్పామ్ అని రిపోర్టు చేస్తే మాత్రం అది లెక్కలోకి వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున మెయిళ్లు పంపేవారికి కొన్ని షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే సంస్థ ఏదైనా, ఆ మెయిలు నిజంగా తన నుంచే వచ్చినట్టు సాంకేతికంగా రుజువు చూపాలి. ప్రకటనల మెయిలైతే ఒకే నొక్కుతో వైదొలగే వీలు ఇవ్వాలి, వైదొలగుతామన్నవారిని రెండు రోజుల్లో జాబితా నుంచి తీసివేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే ఇన్‌బాక్సులకు చేరిన ప్రతి వెయ్యి మెయిళ్లకు ముగ్గురు ఫిర్యాదు చేస్తే చాలు, ఆ సంస్థ మెయిళ్లు ఇన్‌బాక్సుకు చేరడం కష్టమవుతుంది. నిజానికి 0.1 శాతం లోపు ఉంచుకోమన్నదే గూగుల్ సలహా.

వెయ్యికి ముగ్గురు! ఈ నగరంలో ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలోనే వెయ్యి మంది ఉంటారు. ఒక వెంచర్ ప్రకటన వారందరికీ చేరి, అందులో అయిదుగురు విసుగుతో తుడిచివేయడానికి బదులు పక్కనే ఉన్న మరో మీట నొక్కితే, ఆ పంపినవాడికి మరుసటి వారం అదే పని చేయడం అంత తేలిక కాదు. ఎన్నికల్లో ఒక్క ఓటుకు కూడా ఇంత బరువు ఉండదేమో. ఇంత సులువైన అధికారాన్ని చేతిలో పెట్టుకుని మనం రోజూ చీపురుతో ఊడ్చినట్టు ఇన్‌బాక్సు ఊడ్చుకుంటూ కూర్చున్నాం.

పద్ధతి కూడా కష్టమైనది కాదు. హైదరాబాదులో నాకు తెలిసినవారిలో అత్యధికులు మెయిలు ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి ఫోన్ సంగతే చెబుతాను. జీమెయిల్ యాప్‌లో మెయిలు తెరిచాక పై మూలన మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే వచ్చే పట్టికలో స్పామ్‌గా రిపోర్టు చేసే మాట ఉంటుంది, చాలా ప్రకటనలకు అన్‌సబ్‌స్క్రైబ్ కూడా అక్కడే ఉంటుంది. మెయిలు అడుగున కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో దాచిన లింకు కోసం వెతకడం కంటే యాప్ చూపించే ఈ మీటను వాడడమే క్షేమం. 2025 నుంచి జీమెయిల్‌లో సబ్‌స్క్రిప్షన్లన్నిటినీ ఒకే చోట చూపే పేజీ కూడా వచ్చింది. ఎడమ పక్క మూడు గీతల మెనూలో ఉంటుంది. ఎవరు ఎక్కువగా పంపుతున్నారో వారి పేర్లు పైన ఉంటాయి. పై నుంచి పది పేర్లకు వీడ్కోలు చెబితే చాలామంది ఇన్‌బాక్సులు సగం ఊపిరి పీల్చుకుంటాయని నా అనుభవం. ఆ పేజీ కనబడనివారు మెయిళ్లు వెతికే చోట అన్‌సబ్‌స్క్రైబ్ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తే, ఆ మాట ఉన్న మెయిళ్లన్నీ వరుసగా వస్తాయి.

వైదొలగుతామన్న తరువాత తెరుచుకునే పేజీ పాస్‌వర్డ్ అడిగినా, ఫోన్ నంబరు అడిగినా, ఓటీపీ అడిగినా వెంటనే మూసివేయాలి. జాబితా నుంచి పేరు తీయడానికి అవేవీ అక్కరలేదు.

మోసపు మెయిళ్ల గురించి పత్రికలు బాగానే రాస్తున్నాయి కనుక నా వృత్తికి సంబంధించినంత వరకే చెబుతాను. ఆదాయపు పన్ను శాఖ మెయిలు ద్వారా ఎవరి పాస్‌వర్డునూ, పిన్ నంబరునూ, కార్డు వివరాలనూ అడగదు. రిఫండు మనం ముందుగా శాఖ పోర్టల్‌లో ధ్రువీకరించుకున్న బ్యాంకు ఖాతాకే వస్తుంది. శాఖ చిరునామాలు ఎక్కువగా ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అన్న మాటలతో ముగుస్తాయి. మెయిలులో పైన కనిపించే పేరును నమ్మవద్దు, ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు; పేరును నొక్కి దాని వెనుక ఉన్న పూర్తి చిరునామా చూడాలి. ఇంకా అనుమానం ఉంటే మెయిలులోని లింకును వదిలేసి, పోర్టల్‌లోకి నేరుగా లాగిన్ అయి చూసుకుంటే సరి. నిజమైన నోటీసు అయితే అది అక్కడ తప్పక ఉంటుంది. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మార్చాలని ఆదేశించింది. ఆ తోక బ్యాంకులకు తప్ప ఇతరులకు దొరకదు. డబ్బు పోయినవారు మాత్రం మెయిళ్ల సంగతి తరువాత చూసుకుని, ముందు సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

మెయిలు తెరిస్తేనే ప్రమాదమా అని పెద్దవారు తరచు అడుగుతుంటారు. తెరిచినంత మాత్రాన డబ్బు పోదు. అయితే ప్రకటనల మెయిళ్లలో చాలావాటిలో కంటికి కనబడని ఒక బొమ్మను దాచి ఉంచుతారు. మనం తెరవగానే ఆ బొమ్మ పంపినవారి సర్వరు నుంచి వస్తుంది కాబట్టి, ఈ చిరునామా వెనుక మనిషి ఉన్నాడని వారికి తెలిసిపోతుంది. జీమెయిల్ సెట్టింగులలో, బయటి బొమ్మలను చూపే ముందు నన్ను అడగమని ఒక ఎంపిక ఉంది. అది పెట్టుకుంటే మెయిళ్లు కొంచెం బోసిగా కనబడతాయి కానీ ఈ గూఢచర్యం తగ్గుతుంది.

రిపోర్టు చేయమన్నాను కదా అని అన్నిటినీ రిపోర్టు చేయడం మొదలుపెడితే మరో చిక్కు వస్తుంది. ఒక పెన్షనరు విసుగెత్తి బ్యాంకు నెలవారీ స్టేట్‌మెంటును కూడా స్పామ్ చేశారనుకోండి, ఆ తరువాత ఆ బ్యాంకు నుంచి వచ్చేవి స్పామ్ ఫోల్డరుకే పోవచ్చు. ఆ ఫోల్డరులో పడ్డవి 30 రోజులకు వాటంతట అవే మాయమవుతాయి. 15 రోజుల గడువున్న నోటీసు అక్కడికి పోయి పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలకు ఇంటర్వ్యూ పిలుపులు కూడా ఒక్కోసారి ఆ ఫోల్డరులోనే కాలం చేస్తుంటాయి. కాబట్టి వారానికి ఒకసారైనా స్పామ్ ఫోల్డరు తెరిచి పైపైన చూడడం, తప్పుగా పడ్డవాటిని స్పామ్ కాదని చెప్పి వెనక్కి తేవడం అలవాటు చేసుకోవాలి. ప్రమోషన్స్ అని జీమెయిల్ వేరుచేసి పెట్టే అర సంగతీ అంతే. 2013లో వచ్చిన ఆ ఏర్పాటు ప్రకటనలను కంటికి దూరం చేసింది, రాకడను తగ్గించలేదు. ఇంటి ముందు పోసే చెత్తను పెరట్లో పోయించుకోవడం వంటిది అది.

మన ఊళ్లో మరీ ఎక్కువగా కనిపించే ఒక బెడద గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. శ్రీనివాస్, లక్ష్మి, రమేష్, సరిత వంటి పేర్లతో మొదట్లోనే జీమెయిల్ ఐడీ తీసుకున్నవారికి, అదే పేరున్న ఇతరుల మెయిళ్లు వచ్చిపడుతుంటాయి. జీమెయిల్ చిరునామాలో పేరు మధ్యన చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకే ఖాతాకు చేరుతుంది. ఈ సంగతి తెలియక, తన పేరుకు చుక్క చేరిస్తే అది వేరే ఐడీ అనుకుని దుకాణంలో చెప్పేవారున్నారు; తన ఐడీలోని అంకెలు మరిచి ఉత్త పేరు చెప్పేవారూ ఉన్నారు. ఫలితంగా ఎవరిదో బీమా పాలసీ, ఎవరిదో హోటల్ బిల్లు, ఎవరి పిల్లవాడిదో స్కూలు ఫీజు రసీదు మన ఇన్‌బాక్సులో చేరుతుంది, వాటి వెంట ఆ సంస్థల ప్రకటనలన్నీ వస్తాయి. అది వేరొకరి పత్రం కాబట్టి స్పామ్ అని కొట్టివేయడానికి మనసొప్పదు. వ్యక్తి వేరని తిరిగి రాద్దామంటే, జవాబు ఇవ్వవద్దని రాసి ఉన్న చిరునామా నుంచి వస్తుంది. ఇక్కడ తప్పు పొరపాటున ఐడీ చెప్పిన మనిషిది కాదు, చెప్పిన ఐడీ ఆ మనిషిదో కాదో ఒక్కసారి సరిచూసుకోని సంస్థది. ఐడీ ఇవ్వగానే, ఇది మీదేనా అని ఒక మెయిలు పంపి, అవునని నొక్కితే తప్ప జాబితాలో చేర్చకుండా ఉండడం పెద్ద సాంకేతిక విద్యేమీ కాదు. బాధ్యతగల సంస్థలు ఎప్పటి నుంచో ఆ పని చేస్తూనే ఉన్నాయి.

దీనికి తోబుట్టువు వంటి మరో సమస్య నెట్ సెంటర్ల ఐడీలు. దరఖాస్తు ఫారంలో మెయిల్ ఐడీ తప్పనిసరి అని ఉండడంతో, ఐడీ లేని పెద్దవారి తరఫున నెట్ సెంటరు కుర్రవాడు తన ఐడీనే కొట్టి పని పూర్తి చేస్తాడు. కొందరికి అమెరికాలో ఉన్న కొడుకు ఐడీ, కొందరికి పాత ఆడిటరు ఐడీ ఉంటుంది. ఒక్కో నెట్ సెంటరు ఇన్‌బాక్సులో వీధిలో సగం మంది నోటీసులూ వారందరికీ రావలసిన ప్రకటనలూ కలిసి పోగుపడి ఉంటాయి. వాటిని ఎవరూ చూడరు. పన్ను చెల్లించేవారు ఆదాయపు పన్ను పోర్టల్‌లో తమ ప్రొఫైల్ తెరిచి అక్కడ ఎవరి ఐడీ ఉందో చూసుకోవాలి. ముఖ్యమైన చిరునామాతో పాటు రెండో చిరునామా ఇచ్చే సదుపాయం కూడా అక్కడ ఉంది. పిల్లల ఐడీని ఆ రెండో స్థానంలో పెట్టుకుంటే ఒకరికి కనబడనిది మరొకరికి కనబడుతుంది.

రెండు ఐడీలు పెట్టుకోమని, ఒకటి బ్యాంకుకూ పాన్‌కూ పాస్‌పోర్టుకూ, మరొకటి దుకాణాలకూ యాప్‌లకూ వాడమని నిపుణులు సలహా ఇస్తారు. ఫోన్ వాడకం బాగా తెలిసినవారికి అది మేలైన సలహాయే. డెబ్బై దాటినవారికి మాత్రం నేను చెప్పను. రెండు ఖాతాలు, రెండు పాస్‌వర్డులు, ఏది ఎక్కడ ఇచ్చామో గుర్తులేకపోవడం, ఇవన్నీ కలిసి చెత్త కంటే పెద్ద తలనొప్పి అవుతాయి. జీమెయిల్‌లో మన పేరు తరువాత ప్లస్ గుర్తు పెట్టి దుకాణం పేరు చేరిస్తే మెయిలు మనకే వస్తుంది, మన ఐడీని ఎవరు బయటపెట్టారో కూడా తెలిసిపోతుంది. ఇది తమాషాగా ఉంటుంది కానీ చాలా ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, ఒప్పుకున్నా దాన్ని తీసేసి అమ్ముకోవడం ఎవరికీ కష్టం కాదు. పెద్దవారికి నేను చెప్పే సలహా ఒక్కటే. బిల్ కౌంటర్ దగ్గర ఐడీ అడిగితే, లేదనండి.

ఆ బిల్ కౌంటర్ దగ్గరే ఈ వ్యవహారమంతా మొదలవుతున్నది. కూకట్‌పల్లి మాల్‌లోనైనా, అబిడ్స్‌లో చెప్పుల దుకాణంలోనైనా, రక్తపరీక్షల కేంద్రంలోనైనా, ఎగ్జిబిషన్ స్టాల్‌లో లక్కీ డ్రా కూపను నింపేటప్పుడైనా, మొబైల్ నంబరు చెప్పండి, మెయిల్ ఐడీ చెప్పండి అని అడగడం ఆనవాయితీ అయిపోయింది. వెనుక వరుసలో పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే, కొనుగోలుదారులను మొబైల్ నంబరు ఇవ్వాలని ఒత్తిడి చేయవద్దని చిల్లర వర్తక సంస్థలకు సూచించింది. నంబరుకు వర్తించిన న్యాయం ఐడీకీ వర్తించాలి. కౌంటర్‌లో నిలబడ్డ పిల్లలను మనం కోప్పడి లాభం లేదు; రోజుకు ఇన్ని ఐడీలు సేకరించమని వారికి పైనుంచి చెప్పి ఉంటారు.

చట్టం సంగతికి వస్తే, ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్‌ల విషయంలో మన దేశం చాలా దూరం వచ్చింది. 1909కి మెసేజ్ పంపి, ప్రకటనల కాల్స్ వద్దనేవారి జాబితా అయిన డీఎన్‌డీలో చేరవచ్చు, వచ్చిన కాల్ మీద ఫిర్యాదు చేయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపేవారంతా ముందుగా నమోదు చేసుకోవాలి. ఇటీవల ఎస్ఎంఎస్ పంపినవారి పేరు చివర పీ అనీ, ఎస్ అనీ, టీ అనీ, జీ అనీ అక్షరం చేర్చడంతో అది ప్రకటనో, సేవో, లావాదేవీనో, ప్రభుత్వ సందేశమో చూడగానే తెలుస్తున్నది. ఇందులో ఏదీ ఈ-మెయిలుకు వర్తించదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షను చికాకు కలిగించే మెయిళ్లను కూడా నేరంగా పేర్కొన్నది, కానీ 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షను మొత్తాన్నీ కొట్టివేసింది. అది సరైన తీర్పు. మాట అన్నవారిని జైల్లో పెట్టడానికి వాడిన సెక్షను మళ్లీ రావాలని ఎవరూ కోరకూడదు. అయితే దాని తరువాత అడగని వ్యాపార మెయిళ్ల కోసం ప్రత్యేకించి ఒక చట్టమంటూ రాలేదు. అమెరికాలో 2003 నుంచి చట్టం ఉంది, వైదొలగుతామన్నవారికి 10 పనిదినాల్లో పంపడం మానాలి. కెనడా 2014 నుంచి ఇంకా గట్టిగా, ముందు అనుమతి ఉంటేనే పంపాలని అంటున్నది. నాకు కెనడా పద్ధతే న్యాయంగా తోస్తుంది.

మనకు ఇప్పుడున్న ఆశ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఈ చట్టంలో సామాన్యుడికి పనికివచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అనుమతి ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలంటున్నది. చట్టం తానే ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకామె మందుల దుకాణంలో మందులు కొని, డబ్బు ముట్టినట్టు తన ఫోన్‌కు సందేశం పంపమని వివరాలు ఇస్తే, దుకాణం ఆ రసీదు పంపడానికి వాటిని వాడుకోవచ్చు. అంటే రసీదు కోసం ఇచ్చిన వివరం రసీదుకే. బట్టల దుకాణానికైనా రక్తపరీక్షల కేంద్రానికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది కదా! అనుమతి కోరే పాఠాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని కూడా చట్టం చెబుతున్నది. ఆ భాషల్లో తెలుగు ఉంది. ఇప్పటివరకు మనం టిక్ పెట్టిన గడి పక్కన ఏం రాసి ఉందో తెలుగులో చదివిన గుర్తు ఎవరికైనా ఉందా?

చిన్న వ్యాపారులు దీనికి ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు, నా దగ్గరికి వచ్చేవారిలో వారే ఎక్కువ. పేపరు ప్రకటనకూ హోర్డింగుకూ డబ్బు పెట్టలేనివాడికి మెయిలు ఒక్కటే చౌకైన దారి అంటారు. అది నిజమే, కానీ చౌకగా ఉండడమే ఈ జబ్బుకు మూలం. 1978 మేలో అమెరికాలో ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు, చెత్త మెయిళ్లకు మొదటిదని చెప్పేది దానినే. ఒక్కొక్కరికీ తపాలా బిళ్ల అంటించవలసి వస్తే ఆ పని చేసేవాడా? పంపేవాడికి ఖర్చు లేనప్పుడు చదివేవాడి సమయమే ఖర్చు అవుతుంది. అడిగి, ఒప్పుకున్నవారికి పంపే వ్యాపారికి దీనివల్ల నష్టం లేదు సరిగదా, అడ్డంగా పంపేవారు తగ్గితే అతని మెయిలును చదివేవారు పెరుగుతారు.

అందుచేత కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ ఎస్ఎంఎస్‌ల తరహాలో ఈ-మెయిలు ప్రకటనలకు కూడా నియమాలు తేవాలనీ, జాబితాలో చేర్చే ముందు ఆ ఐడీ ఫలానా మనిషిదేనని ధ్రువీకరించుకోవడం తప్పనిసరి చేయాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నగరంలోని వర్తక సంఘాలు కొత్త చట్టం గడువు వచ్చేదాకా ఆగకుండా, ఐడీ ఇవ్వడం మీ ఇష్టం అని బిల్ కౌంటర్ల దగ్గర తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టవచ్చు. దానికి ఒక అట్టముక్క ఖర్చు తప్ప మరేమీ అవదు. ప్రభుత్వ కార్యాలయాలకు నా విన్నపం వేరు. నోటీసు నిజంగా మెయిలు ద్వారానే పంపవలసిన చోట్ల తప్ప, మిగిలిన దరఖాస్తు ఫారాలన్నిటిలో మెయిల్ ఐడీ గడి పక్కన తప్పనిసరి అని చెప్పే ఎర్ర చుక్కను తొలగించండి. అది ఉన్నన్నాళ్లూ నెట్ సెంటరు కుర్రవాడు ఆ గడిలో తన ఐడీనే కొడుతూ ఉంటాడు.

— ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాదు